బాపట్లలో అద్దె ఇల్లు కుదరడం లేదా? ఎక్కడ బెడిసికొడుతోందో చూడండి

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటుతో పాటు ఉద్యోగులూ వచ్చారు. 1945 నాటి వ్యవసాయ కళాశాల, ఆ తర్వాత వచ్చిన ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు అప్పటికే గదుల కోసం తిరుగుతున్నారు. ఊరు మాత్రం ఒక్కసారిగా పెరగదు కదా.

సమస్య: వారం తిరిగినా ఒక్క టు-లెట్ బోర్డూ కనిపించదు

ఇళ్లు లేక కాదు, అవి బోర్డు దాకా రాక. ఖాళీ చేస్తున్నామని యజమానికి చెప్పిన సాయంత్రానికే ఆ కబురు పాలు పోసే ఆయనకు, ఇస్త్రీ బండికి, వీధి చివరి కిరాణా కొట్టుకు చేరిపోతుంది. వాళ్ల ద్వారా ఎవరూ రాకపోతేనే బోర్డు కడతారు. కాబట్టి మీకు నచ్చిన వీధిలోని కొట్లో రెండు సబ్బులు కొని మాట కలపండి. ఇంట్లో ఎందరు, ఏం ఉద్యోగం, అద్దె ఎంత దాకా ఇవ్వగలరు అన్నవి చెప్పి నంబరు ఇవ్వండి. మూడో రోజు మళ్లీ వెళ్లండి. మొదటిసారి అడిగినవాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

వెతకడానికి నా లెక్కలో మంచి నెల ఆషాఢం. శూన్యమాసమని ఎవరూ కొత్త ఇంట్లో దిగరు, ఖాళీ ఇల్లున్న యజమానికి నెల అద్దె పోతుంది. అప్పుడే బేరం కుదుర్చుకుని అడ్వాన్సు ఇచ్చేసి, శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు.

సమస్య: నచ్చినవన్నీ బడ్జెట్‌కు మించి ఉన్నాయి

మీరు చూస్తున్నవి అందరూ చూసేవే: తూర్పు ముఖం, మెయిన్ రోడ్డు, మేడమీద గాలి. దక్షిణ ముఖం ఇళ్లు, వీధిపోటు ఉన్న ఇళ్లు చాలాకాలం ఖాళీగా ఉంటాయి. వాస్తు పట్టింపు లేనివారికి ఇంతకంటే గట్టి బేరం దొరకదు. పట్టింపు ఉంటే పక్క ఊళ్లు చూడండి. చీరాల, పొన్నూరు రెండూ రైలు దారిలోనివే. పొన్నూరుకు టిక్కెట్టు తీసుకునేటప్పుడు మాత్రం నిడుబ్రోలు అనాలి, స్టేషన్ పేరు అదే.

సమస్య: అద్దె తక్కువే, నెలాఖరుకు జేబు ఖాళీ

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. కారణం కరెంటు మీటరు. రెండు వాటాలకూ ఒకటే మీటరు ఉంటే వాడకం కలిసిపోయి పై శ్లాబులోకి వెళుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు ఒక్కోదానికి రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6. మీరు 100 యూనిట్లు వాడితే సొంత మీటరు మీద యూనిట్ల ఖర్చు సుమారు రూ.305. పక్క వాటావారి 100 కూడా కలిస్తే మొత్తం రూ.867, అంటే మీ వంతు రూ.433. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే ఇంట్లో అదే వాడకానికి వెయ్యి! నేనూ ఒక ఇంట్లో ఎనిమిది నెలలు అలాగే కట్టాను, అద్దె తక్కువని మురిసిపోతూ.

బేరానికి ముందే మీటరు ఎక్కడుందో చూపించమనండి. దాని మీది సర్వీసు నంబరు మీ వాటాకే చెందినదో కాదో అడిగి, పాత బిల్లు చూడండి. ఉమ్మడి మీటరైతే ఆ తేడాను అద్దెలో తగ్గించమనండి.

పనిలో పనిగా కొళాయి తిప్పి నీళ్లు నోట్లో వేసుకోండి. ఉప్పగా ఉంటే నీళ్ల డబ్బాల ఖర్చునూ అద్దెలో కలిపి లెక్కవేయాలి.

సమస్య: "చూసి చెబుతాం లెండి" అని పంపేస్తున్నారు

బ్రహ్మచారులకు, మాంసాహారులకు ఇది మామూలే. కులం అడిగేవారూ ఉన్నారు. అలాంటి ఇంట్లో బతిమాలి చేరినా ప్రశాంతంగా ఉండలేరు, వదిలేయండి. మిగతా చోట్ల ఆ ఊళ్లో తెలిసినవారు ఒక్కరు వెంట వస్తే మాట మారుతుంది.

సమస్య: ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగి రాదు

రశీదు లేకపోవడమే కారణం. నగదు ఇస్తే చిన్న కాగితం మీదైనా సంతకం తీసుకోండి. 11 నెలల ఒప్పందం రాయించుకోవడం మేలు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయాలన్న 1908 నాటి కేంద్ర చట్టం నుంచి వచ్చిన అలవాటే ఆ 11. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ తర్వాత ఎంత కాలపు లీజునైనా రిజిస్టరు చేయాల్సిందే. సున్నం ఖర్చు ఎవరిదో అందులోనే రాయించండి. సామాను దించకముందే గోడల మీది పాత మేకులను, చెమ్మ మరకలను ఫొటోలు తీసి, ఆ రోజే యజమానికి పంపండి.