పార్ట్ మార్చాక చెదిరిన ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ సరిచేసుకోవడం
సాలిడ్‌వర్క్స్‌లో (3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) 6204 బేరింగ్ తీసేసి 6304 పెట్టారనుకోండి, బోర్ అదే 20 ఎంఎం కానీ బయటి డయా 47 నుంచి 52కి, వెడల్పు 14 నుంచి 15కి పెరుగుతుంది, హౌసింగ్ బోర్ కూడా మార్చాలి. ముందు ఎక్స్‌ప్లోడెడ్ వ్యూని, అంటే భాగాలను విడదీసి చూపించే వ్యూని, కొలాప్స్ చేసి (భాగాలను తిరిగి దగ్గరికి చేర్చి), మేట్స్‌లో (భాగాలను ఒకదానికొకటి జతచేసే షరతులు) ఎర్రర్లు ఉంటే అవన్నీ సరిచేశాకే ఎక్స్‌ప్లోడ్ జోలికి వెళ్లండి, చాలామంది ఇక్కడే తొందరపడి రెండుసార్లు పని చేస్తారు.

తర్వాత కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ మీద రైట్ క్లిక్, ఎడిట్ ఫీచర్. ఒక్కో స్టెప్ తెరిచి కొత్త బేరింగ్ లిస్టులో ఉందా చూడండి, లేకపోతే దాన్ని క్లిక్ చేసి చేర్చండి. భాగం జరిగే డైరెక్షన్‌కి పాత బేరింగ్ ఫేస్ ఇచ్చి ఉంటే ఈసారి షాఫ్ట్ ఫేస్ ఇవ్వండి, షాఫ్ట్ అంత తరచుగా మారదు కదా. ఎక్స్‌ప్లోడ్ లైన్లు (విడదీసిన భాగం ఎక్కడ కూర్చుంటుందో చూపే గీతలు) చివర్లో చూసుకోండి.