చవగ్గా కొన్న షేరు కదలకపోతే ఉంచుకోవాలా, వదిలేయాలా? ఎలా తేల్చుకోవాలి?

విలువ కంటే చవగ్గా దొరికిందని కొన్నారు. మూడేళ్లయింది. సెన్సెక్స్ పెరిగింది, బావమరిది కొన్న షేరూ పెరిగింది, మీది మాత్రం కొన్న రేటు కంటే కిందే ఉంది. "అసలు వస్తే చాలు, అమ్మేసి బయటపడతా" అనే మాట హన్మకొండ చాయ్ దుకాణాల్లో కూడా వినిపిస్తుంటుంది. విలువ కంటే తక్కువ ధరకు దొరికే షేర్లు కొనే వాల్యూ ఇన్వెస్టర్‌కు అంతకంటే పనికిరాని లెక్క లేదు. అడగాల్సింది ఒకటే: ధర తగ్గిందా, విలువే తగ్గిందా?

1. ఎందుకు కొన్నారో రాయండి

యాప్ మూసేసి కాగితం తీసుకోండి. "200కు కొన్నా. షేరుకు ఏడాదికి 20 రూపాయల లాభం వస్తోంది. అప్పు తక్కువ. కొత్త ప్లాంటు మొదలైతే అమ్మకాలు పెరుగుతాయి." ఇలా రెండు మూడు వాక్యాలు చాలు. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో చెప్పారన్నదే కారణమైతే మిగతా మెట్లు చదవక్కర్లేదు, అమ్మేయొచ్చు.

2. లాభం కాదు, చేతికొచ్చిన డబ్బు చూడండి

లిస్టెడ్ కంపెనీలు త్రైమాసిక ఫలితాలను 45 రోజుల్లో, వార్షిక ఫలితాలను 60 రోజుల్లో ప్రకటించాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. చాలామంది నికర లాభం దగ్గరే ఆగిపోతారు. మీరు క్యాష్ ఫ్లో పట్టిక దాకా వెళ్లండి.

ఉదాహరణకు మూడేళ్లలో మొత్తం లాభం 90 కోట్లు అని చూపించారనుకుందాం. వ్యాపారం నుంచి నిజంగా వచ్చిన నగదు 25 కోట్లే. మిగతాది ఏమైంది? బ్యాలెన్స్ షీట్‌లో రావాల్సిన బాకీలు చూడండి. అమ్మకాలు పెద్దగా పెరగకుండా బాకీలు రెట్టింపైతే, సరుకు ఉద్దెరకు తోసి లాభం రాసుకుంటున్నారేమో అని అనుమానించాలి. అలాంటి షేరు పీఈ (ధర, షేరుకు వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) 8 దగ్గరున్నా చవక కాదు. అదే నగదు సరిగ్గా వస్తూ, అప్పు తగ్గుతూ, ధర మాత్రమే పడుతుంటే టెన్షన్ అక్కర్లేదు.

3. ప్రమోటర్లు ఏం చేస్తున్నారో చూడండి

ఎవరి వాటా ఎంతో త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో బయటపెట్టాలి. ప్రమోటర్ల, అంటే కంపెనీని తమ చేతిలో ఉంచుకున్న యజమానుల వాటా తగ్గుతున్నా, తాకట్టు పెట్టిన షేర్లు పెరుగుతున్నా అది మంచి సూచన కాదు.

4. ఆగినందుకు అయ్యే ఖర్చు లెక్కేయండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చి, ధర లేదని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతు ఊరికే ఎదురుచూడడు. కిరాయి, అప్పు మీద మిత్తి కలుపుకొని ఎంత పలికితే గిట్టుబాటో చూసుకుంటాడు. కాయ తాలైతే ఎన్నాళ్లు దాచినా రేటు రాదని కూడా అతనికి తెలుసు. మీ 200 రూపాయలు 7 శాతం మిత్తికి ఎఫ్‌డీలో ఉంటే మూడేళ్లకు సుమారు 245 అయ్యేవి. ఇప్పుడు 200కే అమ్మితే అసలు వచ్చినట్టు కాదు. ఈలోగా డివిడెండ్ వచ్చి ఉంటే ఆ మేరకు లోటు తగ్గుతుంది.

5. యావరేజ్ చేసే ముందు ఆగండి

200కు 100, 160కి మరో 100 కొంటే సగటు 180కి దిగుతుంది. కంపెనీలో మాత్రం ఏమీ మారలేదు. ఈ షేరు మీ దగ్గర లేకపోయినా ఇవాళ కొనేవాళ్లా? అవునంటేనే కొనండి, అదీ మొత్తం పెట్టుబడిలో దీని వాటాకు ఒక హద్దు పెట్టుకుని. నేనైతే 10 శాతం దాటనివ్వను.

6. కంపెనీ పనులకు గడువు పెట్టుకోండి, ధరకు కాదు

"ఇంకో నాలుగు త్రైమాసికాల్లో ప్లాంటు మొదలవ్వాలి, బాకీలు తగ్గాలి" అని అదే కాగితం మీద రాయండి. అవి జరుగుతుంటే ధర కదలకపోయినా ఉంచుకోండి. జరగకపోతే, ధర కాస్త పెరిగినా సరే, అమ్మేయండి.

7. అమ్మితే పన్ను సంగతి మరవకండి

ఏడాది దాటాక అమ్మితే వచ్చే నష్టాన్ని దీర్ఘకాలిక లాభాల్లోంచే తీసేయాలి. ఏడాదిలోపు అమ్మితే వచ్చే నష్టాన్ని స్వల్పకాలిక, దీర్ఘకాలిక లాభాలు రెండింట్లోంచీ తీసేయొచ్చు. మిగిలిన నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లే వీలుంది. అయితే ఆ ఏడాది రిటర్ను గడువులోగా వేసి ఉండాలి.