చేలో పని చూస్తూ వాక్యం నేర్చుకోవడం ఎలా

పోయినేడు మా సండే స్కూల్లో ఒక పిల్లాడు లేచి "చిక్కం అంటే ఏంటండీ?" అని అడిగాడు. మొదటి కొరింథీ 9వ అధ్యాయంలో కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం పెట్టొద్దు అనే మాట చదువుతున్నాం. వాళ్లది పల్లెటూరే, వాళ్ల తాత రైతే, కానీ వాడు పుట్టేసరికి ఊళ్లో ఎడ్లు పోయి ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చేశాయి. మన తెలుగు బైబిల్ నిండా చేట, కళ్లం, కుంచం, కాడి, పరిగె లాంటి పొలం మాటలే కదా, ఆ పనులు కళ్లారా చూడకపోతే వాక్యం సగమే అందుతుంది. అందుకే నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఒక నోట్‌బుక్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు ఒక్క పనే ఎంచుకోండి. పాలు తోడు వేయడం కావచ్చు, నారు పీకడం కావచ్చు, ఏదైనా సరే ఒక్కటే. బైబిల్ ఇంట్లో పెట్టి వెళ్లండి, నిజంగానే చెబుతున్నాను, ఎందుకంటే వాక్యం ముందే మనసులో పెట్టుకుని వెళ్తే దానికి సరిపోయేదే కనిపిస్తుంది, మిగతాది మన కంట పడదు. ఆ పని చేసేవాళ్లని రెండు ప్రశ్నలు అడగండి: ఇలా ఎందుకు చేస్తున్నారు? చెయ్యకపోతే ఏమవుతుంది? వాళ్లు ఏం చెబితే అది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఇంటికొచ్చాక బైబిల్ తీసి ఆ పని ఎక్కడుందో వెతకండి. దొరికిన వచనం ఒక్కటే చదివి ఆపేయకుండా అధ్యాయం మొత్తం చదవండి.

నాకు జరిగింది చెబుతాను. వరి చేలో ఊద అనే కలుపు మొలుస్తుంది, లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, గట్టు మీద నుంచి చూస్తే తేడా తెలియదు. కలుపు తీస్తున్న ఒక అక్కను అడిగితే వరి ఒకటి, ఊద ఒకటి పీకి నా చేతిలో పెట్టి, ఆకు కాడను అంటుకునే చోట విప్పి చూపించింది. వరికి అక్కడ పల్చటి తెల్లటి పొర చిన్న నాలుకలా లేచి ఉంది. ఊదకు అది లేదు, ఆ చోటు నున్నగా ఉంది. "పైన చూస్తే తెలవదు తమ్ముడూ, ఇక్కడ చూడాల" అంది.

ఇంటికొచ్చి మత్తయి 13 తీశాను, గోధుమలు గురుగుల ఉపమానం. పైకి భక్తి కనిపించినా లోపల ఏమీ లేనివాళ్ల గురించి ఆదివారం గట్టిగా చెప్పాలనుకున్నాను. తీరా అధ్యాయం మొత్తం చదివితే ఆ యజమాని గురుగులు పీకొద్దంటున్నాడు, కోతదాకా రెండూ కలిసి ఎదగనివ్వమంటున్నాడు! ఆ అక్కేమో పొద్దున్నుంచి పీకుతూనే ఉంది. మర్నాడు మళ్లీ వెళ్లి అడిగాను. "లేతగా ఉన్నప్పుడే పీకాల. ముదిరినాక లాగితే పక్కన వరి కూడా లేచొస్తది, వేర్లు పెనేసుకుంటయ్" అంది. యజమాని భయమంతా గోధుమల గురించేనని అప్పుడు తెలిసింది. పైగా 38, 39 వచనాల్లో పొలం అంటే లోకం, కోత కోసేది దేవదూతలు అని ప్రభువే విప్పి చెప్పాడు. అంటే ఎవరు ఊద, ఎవరు వరి అని తేల్చే పని నాకు ఇవ్వలేదు. నేను ఎవరినో ఉద్దేశించి సిద్ధం చేసుకున్న ప్రసంగం ముందు నన్నే ఆపింది. అందుకే చెబుతున్నాను, పోలిక కుదరని చోట కంగారుపడి దాటేయకండి, అక్కడే ఆగి మళ్లీ అడగండి.

కాడి విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. కొత్త కోడెను అలవాటైన ఎద్దుకు జతగా కట్టి దున్నడం నేర్పేవాళ్లమని పెద్దవాళ్లు చెబుతారు. ప్రభువు మనతో పాటు కాడి మోస్తాడని చెప్పడానికి అది చక్కటి పోలికే, కానీ మత్తయి 11లో నా కాడి ఎత్తుకోండి అని ఉందే గానీ అంతవరకు రాసి లేదు, కాబట్టి "ఇది నా పోలిక" అని చెప్పే చెప్పండి. ఇక కోడి సంగతి సులువు. గద్ద నీడ పడగానే తల్లి ఎలా అరుస్తుందో, పిల్లలు ఎలా రెక్కల కిందకి దూరతాయో ఒక్కసారి చూసి, ప్రభువు తనను కోడితో పోల్చుకున్న మత్తయి 23:37 చదవండి.

పరిగె గురించి మాత్రం మీ ప్రార్థన కూటంలో తప్పక మాట్లాడండి. మా అమ్మమ్మ కోత అయ్యాక చేలో రాలిన కంకులు కొంగులో ఏరుకొచ్చిన మనిషి. రూతు 2వ అధ్యాయంలో పొలం యజమాని బోయజు, పనల్లోంచి కొన్ని కావాలనే లాగి, పరిగె ఏరుకుంటున్న విధవరాలు రూతు కోసం వదిలేయమని పనివాళ్లకు చెబుతాడు. ఇప్పుడు మిషన్ కోశాక కొంగులో ఏరుకోవడానికి కంకులే ఉండవు. మరి విధవరాలికి, పేదకు మన చేలో ఏం వదులుతున్నాం? ఈ ప్రశ్న అడిగినప్పుడు మా కూటంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒకాయన వడ్లు అమ్మే ముందే ఒక బస్తా పక్కన పెడతానన్నాడు.

ఇంకొక మాట. కష్టంలో ఉన్నవాళ్ల పొలంలో పాఠాలు వెతకొద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్లలో మునిగి కంకుల మీదే మొలకలొచ్చాయి. నేను వాక్యం చెప్పి ధైర్యం ఇద్దామని ఒక రైతు దగ్గరికి వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు, వంగి పనలు గట్టుకు మోస్తూనే ఉన్నాడు. నేనూ చెప్పులు విప్పి దిగాను, సాయంత్రం దాకా పనలు మోసి, మొలకలు పెరక్కుండా ఉప్పు నీళ్లు కొట్టాం. సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు 7 రోజులు అతనితో నేల మీద ఊరికే కూర్చున్నారు, తప్పంతా ఆ తర్వాత నోరు విప్పాకే జరిగింది.

మీరు నేర్చుకున్నది చెప్పేటప్పుడు ఆ పని తెలిసినవాళ్లకే 5 నిమిషాలు ఇవ్వండి. ఆ పిల్లాడి తాతను తర్వాతి ఆదివారం పిలిచాం. ఆయన తాడు తెచ్చుకుని పిల్లల ముందే చిక్కం అల్లాడు, చిన్న బుట్టలా వచ్చింది. పైరులో గుంటక తోలేటప్పుడు మొక్కలు కొరకకుండా చిక్కం కట్టేవాళ్లమని, కళ్లంలో మాత్రం విప్పేసేవాళ్లమని చెప్పాడు. "నోటి ముందు గింజ పెట్టుకుని తొక్కుద్ది, తినకపోతే ఎట్టా?" అన్నాడు. అప్పుడు మొదటి తిమోతి 5:18 చదివించాను, అందులో ఎద్దు మాట పక్కనే పనివాడి జీతం మాట ఉంటుంది. ఆ పిల్లాడు తాత వైపు తిరిగి, మనకు నాట్లేసిన వాళ్లకు డబ్బులు ఇచ్చేశావా అని అడిగాడు.