తెల్లవారుజామున ఆర్వీ ఫర్నేస్ చల్లగాలి కొడుతోందా? ముందు బ్యాటరీ చూడండి

సమస్య: అమెరికా యూటాలోని బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కు, నార్త్ క్యాంప్‌గ్రౌండ్, మే నెల. పడుకునేటప్పుడు ఆర్వీలో (లోపలే వండుకుని పడుకునే బండి) ఫర్నేస్, అంటే గ్యాస్ హీటర్, బాగానే ఉంది. నాలుగింటికి బ్లోయర్ (దాని ఫ్యాన్) తిరుగుతోంది గానీ వచ్చేది చల్లగాలే.

అందరూ ప్రొపేన్ అయిపోయిందనుకుంటారు. స్టవ్ వెలిగించి చూడరు! మంట నీలంగా నిలకడగా ఉంటే గ్యాస్ ఉన్నట్టే. చలికి గడ్డకట్టిందనే మాట వదిలేయండి, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. చూడటం అయ్యాక స్టవ్ ఆపేయండి. దాంతో బండి వెచ్చబెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం.

అసలు కారణం: బ్యాటరీ నీరసించడం (ఇంజిన్ స్టార్ట్ చేసేది కాదు, బండి లోపలి సామాను నడిపేది). వోల్టేజీ పడిపోతే బ్లోయర్ నెమ్మదిస్తుంది. ఆ గాలి సెయిల్ స్విచ్ (గాలి తోపుకు కలిసే స్విచ్) రేకును లేపలేదు, స్విచ్ కలవకపోతే ఫర్నేస్ కంట్రోల్ బోర్డు గ్యాస్ వాల్వు తెరవదు. ఫ్యాన్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనుకుని మోసపోయేది ఇక్కడే. బండి లోపల బ్యాటరీ ఎంతుందో చూపే ప్యానెల్ మీటరునూ నమ్మొద్దు. లాస్ వేగస్‌లో అద్దెకు తీసుకుని నాలుగైదు గంటలు నడిపి వస్తే ఆల్టర్నేటర్ చలవతో పాత బ్యాటరీ కూడా సాయంత్రానికి నిండుగానే కనిపిస్తుంది.

లెక్క వేయండి. బ్లోయర్ సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. రాత్రి పది గంటల్లో సగం సేపు తిరిగినా 35 ఆంపియర్-గంటలు. 100 ఆంపియర్-గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడదగ్గది 50, సున్నా డిగ్రీల చలిలో 40 దాకా. ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్ పెడితే అదీ చాలదు.

నిర్ధారణ: బ్లోయర్ తిరుగుతుండగానే బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 11 వోల్టుల కిందికి జారితే దొంగ దొరికినట్టే. మీటరు లేకపోతే, మోటర్‌హోమ్ (సొంత ఇంజిన్ ఉన్న ఆర్వీ) అయితే ఇంజిన్ ఆన్ చేసి, థర్మోస్టాట్ (వేడి ఎంతుండాలో పెట్టే మీట) ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఫర్నేస్ వెలిగిందంటే చాలావరకు వోల్టేజీ లోపమే.

పరిష్కారం: ఈ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్‌లు (బండికి కరెంటు, నీళ్ల కనెక్షన్లు) లేవు. జనరేటర్ అనుమతి వేళలు క్యాంప్‌గ్రౌండ్ నోటీసు బోర్డు మీద చూసుకుని, అవి ముగిసేలోపు కనీసం రెండు గంటలు ఛార్జ్ చేయండి. 8,000 అడుగుల ఎత్తులో జనరేటర్ శక్తి పాతిక శాతానికి పైగా తగ్గుతుంది, ఆ సమయంలో మైక్రోవేవ్ జోలికి పోకండి. రాత్రికి ఇన్వర్టర్ ఆఫ్, థర్మోస్టాట్ 60 ఫారన్‌హీట్. పసిపిల్లలుంటే పార్కు గేటు బయట హుకప్ ఉన్న చోటే బుక్ చేసుకోండి.

టెర్మినల్ తుప్పు పట్టినా ఇవే లక్షణాలు, బ్రష్‌తో గీకి బిగించండి. ఎగ్జాస్ట్‌లో కందిరీగ గూడు, ఫర్నేస్ బోర్డు పోవడం అరుదు. వాటి సంగతి పగలు చూసుకోవచ్చు.