మన బండల్ని నీటిరంగుల్లో వేయడం ఎలా

హైదరాబాద్ మణికొండలో మా బాల్కనీ ఎదురుగా ఉన్న బండని ఎవరో అపార్ట్‌మెంట్ కోసం పగలగొట్టేశారు. ఆ బాధతోనే బ్రష్ పట్టాను. ఇప్పుడు ఖాజాగూడ వైపు వెళ్లి ఆదివారానికో బండ వేస్తున్నాను, పోస్ట్‌కార్డు సైజులో. 14 అయ్యాయి.

కాగితం దగ్గర పిసినారితనం వద్దు. నేను మొదట మా అమ్మాయి డ్రాయింగ్ బుక్కులో వేస్తే, నీళ్లు తగలగానే వేయించిన అప్పడంలా ముడుచుకుపోయింది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి) కాగితం కొనండి. రంగులు మూడు చాలు: అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), యెల్లో ఓకర్ (మట్టి పసుపు). మొదటి రెండూ కలిపితే అచ్చం మన గ్రానైట్ బూడిదరంగు వస్తుంది. నలుపు జోలికి పోకండి, బొమ్మ చచ్చిపోతుంది.

ఎండ పడే వైపు కాగితాన్ని తెల్లగానే వదిలేయండి. నీడవైపు చిక్కగా పూసి, తడి మెరుపు తగ్గుతుండగా చిటికెడు కల్లుప్పు చల్లండి. ఒక్కో పలుకు చుట్టూ రంగు పక్కకి జరిగి, చిన్న చిన్న పువ్వుల్లాంటి మచ్చలొస్తాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల రాయి గరుకుదనం ఆ చిటికెడు ఉప్పులోనే దొరికింది నాకు. పూర్తిగా ఆరాకే దులపండి. మే నెలలో మాత్రం ఉప్పు డబ్బా మూత తీసేలోపే రంగు ఆరిపోతుంది, పొద్దున్నే వెళ్లాలి.

వెనకవైపు తేదీ, చోటు రాసుకోండి. నా ఆరో బండ ఇప్పుడక్కడ లేదు.