పాత రివెట్ ఇనుప కట్టడాల్లో తుప్పు, వదులు, పగుళ్లు: సమస్య - పరిష్కారం

పాత వంతెన గిర్డర్ కానివ్వండి, షెడ్డు ట్రస్సు కానివ్వండి, రివెట్ జాయింటులో తేడా కనపడగానే చాలామంది మొదట చేసే పని రివెట్ పీకి బోల్టు వేయడం. చాలాసార్లు తప్పు రివెట్‌ది కాదు. ప్లేట్ల మధ్యకు నీళ్లు దూరే దారి ఎక్కడో ఏర్పడి ఉంటుంది. దాన్ని మూయకుండా ఎన్ని రివెట్లు మార్చినా అదే చోట మళ్ళీ తుప్పు చార దిగుతుంది.

రివెట్ పని చేసే తీరు తెలిస్తే లక్షణాలు చదవడం తేలిక. రివెట్ అంటే ఒకవైపు తల, మిగతాది గుండ్రటి కాడ ఉండే లోహపు మేకు. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చిన రివెట్‌ను బెజ్జంలో పెట్టి, ఒకవైపు డాలీతో (బరువైన ఇనుప దిమ్మెతో) ఆనించి పట్టి, రెండోవైపు తల కొడతారు. చల్లారేటప్పుడు కాడ కుంచించుకుపోతుంది. 50 మి.మీ. మందం ప్లేట్లలో ఉన్న కాడ స్వేచ్ఛగా ఉంటే అర మిల్లీమీటరు దాకా తగ్గేది. ప్లేట్లు తగ్గనివ్వవు కాబట్టి ఆ లాగుడు కాడలోనే నిలిచిపోయి, ప్లేట్లను బిగించి పట్టుకుంటుంది. బరువులో చాలా భాగాన్ని మోసేది ఆ బిగింపు వల్ల ప్లేట్ల మధ్య పుట్టే రాపిడే. బిగింపు పోయిందంటే జాయింటు కదలడం మొదలవుతుంది. మిగతా జబ్బులన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు లోహం ఏదో తేల్చుకోండి

చేత ఇనుమా (రాట్ ఐరన్), తొలినాటి ఉక్కా, పోత ఇనుమా (కాస్ట్ ఐరన్) తెలియకుండా మరమ్మతు మొదలుపెట్టకూడదు. కట్టిన సంవత్సరం చూసి చెప్పేయవచ్చు అనుకోవద్దు. 1889లో పూర్తయిన ఈఫిల్ టవర్ చేత ఇనుము, 1890లో తెరిచిన ఫోర్త్ వంతెన ఉక్కు. మధ్యలో తేడా ఒక్క ఏడాదే.

బరువు పడని మూల నుంచి చిన్న ముక్క కోసి, సగం దాకా గాటు పెట్టి వంచండి. చేత ఇనుమైతే చెరకు గడ విరిచినట్టు పీచులు పీచులుగా చీలుతుంది. ఆ పీచులు లోపల సాగిపోయిన చిట్టెం (ఇనుము తయారీలో మిగిలే మలినం) పొరల వల్ల వస్తాయి. బాగా తుప్పు పట్టిన చోట కూడా అదే గీతల వరస పైకి కనిపిస్తుంది. ఉక్కు అలా పీచులుగా చీలదు. పోత ఇనుము వంగకుండానే పుటుక్కుమని బూడిదరంగు గింజలతో విరుగుతుంది. ముక్క కోసే వీలు లేకపోతే గ్రైండర్ రవ్వలు చూడండి: చేత ఇనుము రవ్వలు పొడవుగా, గడ్డిరంగులో, దాదాపు చీలికలు లేకుండా వస్తాయి. ఉక్కు రవ్వలు చివర చిన్న చిన్న పువ్వులుగా విచ్చుకుంటాయి. పోత ఇనుమువి పొట్టిగా, మసక ఎరుపులో ఉంటాయి.

లక్షణం: రివెట్ తల చుట్టూ గోధుమరంగు వలయం, దాని కింద చార

వలయం ఉందంటే తల కింద కదలికైనా ఉండాలి, నీళ్లైనా దూరాలి. రెండింటినీ విడదీయడానికి పావు కిలో నుంచి అర కిలో సుత్తి చాలు. ఒక చేతి వేలును సగం తల మీద, సగం ప్లేటు మీద ఆనించి ఉంచండి. అవతలి వైపు తల మీద పక్క నుంచి కొట్టండి. గట్టి రివెట్ అయితే దెబ్బ మొత్తం జాయింటు అంతా పాకుతుంది, మోత గణగణలాడుతుంది. వదులైతే వేలి కింద తల విడిగా అదురుతుంది, మోత మొద్దుగా ఉంటుంది. మోతను మాత్రమే నమ్మి తేల్చకండి. మందమైన రంగు పొరల కింద గట్టి రివెట్ కూడా మొద్దుగానే మోగుతుంది. వేలికి తెలిసేదే నిక్కం.

తల గట్టిగా ఉంటే రివెట్ జోలికి పోవద్దు. వలయం చుట్టూ శుభ్రం చేసి, పాకే గుణమున్న పల్చటి ఎపాక్సీ పట్టించి రంగు వేస్తే చాలు. వదులుగా ఉంటే మార్చాలి. దాని మీద మళ్ళీ చల్లగా సుత్తితో కొట్టి బిగించే ప్రయత్నం మాత్రం వద్దు. తల అంచు ప్లేటుకు అతుక్కున్నట్టు కనిపిస్తుంది గానీ కాడలో లాగుడు తిరిగి రాదు. పక్కనున్న గట్టి రివెట్లు కూడా ఆ దెబ్బలకు వదులవుతాయి.

ఒకే వరసలో నాలుగైదు వదులయ్యాయంటే ఇక రివెట్ల సంగతి కాదు. అక్కడ బరువు దారి మారింది, లేదా పక్క జాయింటు జారింది. ఇంజనీరుతో లెక్క చూపించుకోకుండా ఒక్కటి కూడా తీయకండి.

లక్షణం: రెండు రివెట్ల మధ్య ప్లేటు ఉబ్బి అలలా లేచింది

పాత ఇనుప పనిలో అన్నిటికన్నా మొండి జబ్బు ఇదే. ప్లేట్ల సందులో చెమ్మ నిలిచి తుప్పు పుడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకు కొన్ని రెట్ల చోటు ఆక్రమిస్తుంది. బయటికి పోయే దారి లేక ప్లేట్లను విడదీస్తుంది. ఇంకా పెరిగితే రివెట్ తలను టప్పున ఊడగొడుతుంది. తల ఊడిన రివెట్ పక్కన ప్లేటు ఉబ్బి ఉంటే కారణం కోసం ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

రివెట్లు మరీ దూరదూరంగా ఉన్న చోట ఇది ఎక్కువ. పల్చటి బయటి ప్లేటు మందానికి 12 నుంచి 16 రెట్లు మించి ఎడం ఉంటే మధ్యలో ప్లేటు బిగువుగా ఆనదు. 10 మి.మీ. ప్లేటుకు 120 నుంచి 160 మి.మీ. అన్నమాట. ఎడం కొలిచి రాసుకోండి. తర్వాత మధ్యలో అదనపు బోల్టు వేయాలా వద్దా అనేది అదే చెబుతుంది.

ఉబ్బు రెండు మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే విప్పవద్దు. సన్నటి ఉలి, వైరు బ్రష్‌తో సందులో వచ్చినంత తుప్పు గీకి తీయండి. మంచి నీళ్లతో కడిగి, కనీసం ఒక రోజు ఎండనివ్వండి. తర్వాత సందులోకి పాకే సీలరు పట్టించండి. దీనికి కాల్షియం సల్ఫోనేట్ రకం బాగా పనికొస్తుంది. సందు తాగడం మానేదాకా పోస్తూ ఉండాలి. పై అంచు, పక్క అంచులు మూసేయండి. కింది అంచు మాత్రం తెరిచే ఉంచండి. అన్ని వైపులా సీలు చేసిన సందులో మిగిలిన చెమ్మకు బయటపడే దారే ఉండదు. రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ప్లేటు ఉబ్బుతూనే ఉంటుంది.

ఉబ్బు అంతకు మించితే ఆ భాగం విప్పాల్సిందే. బరువుకు తాత్కాలిక ఆధారం పెట్టాక రివెట్లు ఒకటొకటిగా తీసి, వెంటనే ఆ బెజ్జాల్లో బోల్టులు పెడుతూ పోండి. సందు తెరిచి రెండు ముఖాలూ లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. కొందరు బర్నర్‌తో వేడిచేసి ప్లేటును సుత్తితో అణుస్తారు. ఉక్కు మీద అది పని చేస్తుంది కానీ, మసక ఎరుపు రంగు రాకముందే మంట ఆపాలి. చుట్టుపక్కల రివెట్లకు వేడి పాకితే వాటి బిగింపూ పోతుంది. పాత సీసం రంగు పూర్తిగా తీయకుండా మంట పెడితే ఆ పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

రివెట్ తీయడం, మార్చడం

గ్యాస్ కట్టర్‌తో తల ఎగరగొట్టడం వేగంగా అవుతుంది. ప్లేటుకు గంటు పడటం కూడా అంతే వేగంగా అవుతుంది. ఆ గంటే రేపటి పగులుకు మొదలు. తల మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, ముందు 6 మి.మీ. బిట్టుతో, తర్వాత కాడ వ్యాసం కన్నా 3 మి.మీ. తక్కువ బిట్టుతో తల లోతు వరకే డ్రిల్ చేయండి. ఉలితో పక్క నుంచి కొడితే తల ఊడిపోతుంది. కాడను పంచ్‌తో వెనక్కి తోయండి. రాకపోతే బలం పెంచకండి. పాత పనిలో బెజ్జాలు డ్రిల్ చేసినవి కాదు, పంచ్ చేసినవి (గుద్ది వేసినవి), ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉండవు. కాడ లోపల వంకరగా నిండిపోయి ఉంటుంది. అప్పుడు కాడను కూడా పూర్తిగా డ్రిల్ చేసి తీయడమే మార్గం.

మళ్ళీ వేడి రివెట్ వేయాలంటే పొడవు లెక్క ముఖ్యం. 20 మి.మీ. రివెట్, 21.5 మి.మీ. బెజ్జం, 30 మి.మీ. ప్లేట్ల మందం అనుకుందాం. గుండ్రటి తల తయారవడానికి 22-23 మి.మీ. కాడ కావాలి, బెజ్జంలో ఖాళీ నిండటానికి సుమారు 5 మి.మీ. ఖర్చవుతుంది. మొత్తం 57-58 మి.మీ. పొట్టిదైతే తల నిండదు. పొడుగైతే తల చుట్టూ అంచు పొంగి టోపీలా మిగులుతుంది, తల ప్లేటును ఆనినట్టే ఉన్నా ఆనదు.

కొలిమి నుంచి తీసేటప్పుడు నారింజ, లేత పసుపు మధ్య రంగు ఉండాలి. తెల్లగా రవ్వలు చిమ్ముతుంటే అది కాలిపోయింది, పక్కన పారేయండి. తల కొట్టడం ఎర్రటి వేడి ఉండగానే ముగించాలి. 200 నుంచి 370 డిగ్రీల మధ్య ఉక్కు నీలి రంగు తిరిగి పెళుసవుతుంది. ఆ వేడిలో దెబ్బలు తిన్న రివెట్ తర్వాత తల దగ్గర విరుగుతుంది.

వేడి రివెట్ వేసే పనివాళ్లు దొరకని చోట ఫ్రిక్షన్ గ్రిప్ బోల్టులు (గట్టిగా బిగించి ప్లేట్ల మధ్య రాపిడితో బరువు మోయించే బోల్టులు) వేయండి. మామూలు బోల్టు వేయకండి. మామూలు బోల్టు బెజ్జంలో వదులుగా ఉంటుంది, పక్క రివెట్లు మోసినంత మోసాకే అది మోయడం మొదలుపెడుతుంది. 20 మి.మీ. బోల్టుకు బెజ్జాన్ని 22కి రీమ్ చేయండి (రీమర్‌తో నునుపుగా పెద్దది చేయండి). బెజ్జం గుండ్రతనం పోయి ఉంటే 24కి రీమ్ చేసి 22 మి.మీ. బోల్టు వేయండి. ముందు స్పానర్‌తో ప్లేట్లు ఆనేలా బిగించి, నట్టు మీద గీత గీయండి. బోల్టు పొడవు వ్యాసానికి నాలుగు రెట్ల లోపు ఉంటే మూడోవంతు చుట్టు, నాలుగు నుంచి ఎనిమిది రెట్ల మధ్య ఉంటే అర చుట్టు తిప్పాలి. పాత రూపం నిలవాలంటే గుండ్రటి తల ఉన్నవి దొరుకుతాయి.

లక్షణం: తల అరిగి పల్చబడింది, కానీ గట్టిగానే ఉంది

వెంటనే పని లేదు. తల అంచు ప్లేటు బెజ్జాన్ని చుట్టూ ఇంకా కప్పుతూ ఉంటే శుభ్రం చేసి రంగు వేయండి, కొలత రాసిపెట్టుకోండి. ఒకవైపు అరిగి బెజ్జం అంచు కనిపిస్తే మార్చే జాబితాలో చేర్చండి. తల మీద వెల్డింగ్‌తో లోహం నింపడం పైకి చూడటానికే. ఆ వేడికి కాడ బిగింపు కాస్తా పోతుంది.

లక్షణం: రివెట్ బెజ్జం నుంచి సన్నటి నెర్రె, రంగు మీద తుప్పు గీత

పంచ్ చేసిన బెజ్జం అంచు అప్పుడే గట్టిపడి పెళుసుగా ఉంటుంది. పదే పదే బరువు పడి లేస్తుంటే పగులు అక్కడే, తరచుగా తల కింద కనపడని చోట, మొదలవుతుంది. రంగు తీసి డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి పాకే రంగు ద్రవం) పూసి 10 నుంచి 20 నిమిషాలు వదిలి, తుడిచి, ఆ రంగును పైకి లాగి చూపే డెవలపర్ చల్లండి. తల దాటి బయటికి వచ్చిన పగులే దీనికి దొరుకుతుంది. తల కింద ఉన్నదానికి అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి.

పగులు కొన బెజ్జంలో పడేలా 20 నుంచి 25 మి.మీ. డ్రిల్ చేసి, అంచు నునుపు చేయండి. కొన తప్పిపోతే బెజ్జం దండగ, కాబట్టి డ్రిల్ చేశాక లోపలి గోడకు మళ్ళీ డై పూసి చూడండి. ఇది తాత్కాలికమే. శాశ్వత పని పగులుకు రెండు వైపులా దాటేలా బోల్టులతో వేసే కవర్ ప్లేటు. పొరలు పొరలుగా రివెట్ చేసిన గిర్డర్‌లో ఒక ప్లేటులో పగులు పక్క ప్లేటులోకి నేరుగా దూకదు. అందుకే ఏర్పాటు చేసుకోవడానికి సాధారణంగా వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో బరువు మాత్రం తగ్గించి ఉంచండి.

లక్షణం: గతంలో ఎవరో వెల్డింగ్ చేసిన చోటే మళ్ళీ పగిలింది

రివెట్ జాయింటు బరువు పడితే ఒక ఇసుమంత జారుతుంది. వెల్డు జారదు. పక్కపక్కన రెండూ ఉంటే బరువంతా వెల్డే ముందు నెత్తిన వేసుకుని తెగుతుంది. చేత ఇనుములో పైగా చిట్టెం పొరలు ఉన్నాయి, ప్లేటు మందం దిశలో లాగితే పొర ఊడి వస్తుంది. తొలినాటి ఉక్కులో గంధకం, భాస్వరం ఎక్కువ ఉంటే వెల్డు చల్లారేలోపే చీలుతుంది. ముక్క పరీక్షకు పంపకుండా మళ్ళీ వెల్డ్ చేయకండి. పాత వెల్డు కొనల్లో పగుళ్లు వెతికి, ప్లేటు మట్టానికి గ్రైండ్ చేసి, బరువును బోల్టు ప్లేటుకు మళ్ళించండి.

లక్షణం: ట్యాంకు అతుకులో నీళ్లు కారుతున్నాయి

పై ప్లేటు అంచును మొద్దు మొన ఉలితో కింది ప్లేటు మీదకు నొక్కి కొట్టాలి. పదును ఉలి వాడితే కింది ప్లేటు మీద గాడి పడుతుంది. కారుడు తల కింద నుంచి వస్తుంటే రివెట్ మార్చండి. ఆవిరి బాయిలరైతే చేయి పెట్టకండి, అది తనిఖీ అధికారం ఉన్నవాళ్ల పని.

లక్షణం: రంగు వేసిన ఏడాదిలోపే రివెట్ తలల దగ్గర పెచ్చులు

స్ప్రే గన్‌కు తల కింది నీడ అందదు, పదునైన అంచుల మీద రంగు నిలవదు. మొత్తం కోటు కొట్టే ముందు ప్రతి తలకూ, ప్రతి అంచుకూ బ్రష్‌తో విడిగా ఒక చేయి వేయాలి. ఈ ఒక్క పనిని ఎగ్గొట్టడం వల్లే ఎక్కువ రంగులు పాడవుతాయి. ఉప్పు గాలి తగిలే చోట గ్రైండ్ చేయకముందే మంచి నీళ్లతో కడగండి. లేకపోతే బ్రష్ ఉప్పును గుంటల్లోకి రుద్దేస్తుంది. లోహం వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ, గాలిలో తేమ 85 శాతం లోపు ఉన్నప్పుడే రంగు తెరవండి.

అడుగున నారింజ రంగు పొర కనిపిస్తే అది రెడ్ లెడ్ (సీసం కలిసిన పాత ప్రైమర్) కావచ్చు. కిట్‌తో పరీక్షించండి. సీసం తేలితే పొడిగా రుద్దడం, మంటతో కాల్చడం రెండూ ఆపేయాలి. తడిపి గీకండి, పి100 (సన్నటి ధూళిని ఆపే రకం) ఫిల్టరు మాస్కు పెట్టుకోండి, కింద పట్టా పరిచి గీకిన చెత్తను మూతపెట్టి అప్పగించండి. అంటుకుని గట్టిగా ఉన్న రెడ్ లెడ్‌ను ఊడగొట్టాల్సిన అవసరం లేదు. అంచులు పల్చగా చేసి, దాని మీద అంటుకుని నిలిచే రకం రంగు వేయవచ్చు.

తలల దగ్గర కాకుండా గిర్డర్ కింది ఫ్లాంజి (అడుగున అడ్డంగా ఉండే పట్టీ) లోపలే పెచ్చులు లేస్తుంటే నీళ్లు అక్కడ నిలుస్తున్నాయి. చెత్త, పక్షి రెట్టలు తీసేయండి. అత్యంత పల్లపు చోట, రివెట్ వరసకు దూరంగా, 20-25 మి.మీ. నీటి బెజ్జం ఎక్కడ వేయాలో ఇంజనీరుతో గుర్తు పెట్టించుకుని వేయండి. బెజ్జం లోపలి గోడకూ ప్రైమర్ పట్టించి, అడుగు దానివైపు వాలేలా ఎపాక్సీ మాస్టిక్ పరవండి.