పరిశుద్ధతలో ఎదగడం ఎలా?

మా సంఘంలో బాప్తిస్మం క్లాసు చెప్పేది నేనే. "పరిశుద్ధంగా ఉండాలంటే సినిమాలు మానేయాలా అక్కా?" అనే అడుగుతారు అందరూ. ముందు వరస తెలుసుకోండి. క్రీస్తును నమ్మినప్పుడే దేవుడు మనల్ని నీతిమంతులుగా తీర్చాడు. పరిశుద్ధత ఆ తర్వాత బతుకంతా సాగేది. చేసేది పరిశుద్ధాత్మ, లోబడాల్సింది మనం. ఫిలిప్పీ 2:12, 13 కలిపే చదవండి: మొదటిది భయంతో వణకుతో మీ రక్షణ కొనసాగించుకోండంటుంది, రెండోది మీలో పనిచేసేది దేవుడే అంటుంది. విడదీస్తే భయమో బద్ధకమో పట్టుకుంటుంది.

ఇక గలతీ 5:22, 23 తీసి, ఆత్మఫలంలో, అంటే పరిశుద్ధాత్మ మనలో పండించే ప్రేమ, సంతోషం, సమాధానం లాంటి గుణాల్లో, మీకు బొత్తిగా కొరవడిందేదో చూసుకోండి. (నాకైతే దీర్ఘశాంతం, మా అత్తయ్యనడగండి.) ఎవరిమీద విసుక్కున్నారో రాత్రి ప్రార్థనలో పేరు పెట్టి ఒప్పుకోండి, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని చెప్పే 1 యోహాను 1:9 అందుకే ఉంది. తెల్లారాక వాళ్ళతో మాట్లాడండి. తెల్లచీర కట్టుకుని గుడికి రావడం దీనికంటే చాలా తేలిక. ప్రభు బల్ల (యేసును జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం) ఆదివారం దగ్గరపడితే మత్తయి 5:23, 24 ప్రకారం ముందు సమాధానపడి రండి.